అరివు: పాటతోపాటు పేరు ఎంతదూరం వెళ్తుంది?

తమిళ ర్యాపర్ అరివు పూర్తి పేరు అరివరసు కళైనేశన్. ఊరు తమిళనాడులోని అరక్కోణం. ఇంజినీరింగ్, ఎంబీఏ చదివిన ఈ దళిత యువకుడు సొంతంగా పాటలు రాసి, పాడి, కొద్ది ఏళ్లలోనే దేశం దాటి పేరు తెచ్చుకున్నారు. ఆయన ప్రయాణాన్ని మేం ఇక్కడ ఒక ప్రశ్నతో చూస్తున్నాం. దళితుడి పాట లోకమంతా తిరిగినప్పుడు అతని పేరు దాని వెంట ఎంతదూరం వెళ్తుంది?

కులం లేని బృందం

2017లో దర్శకుడు పా. రంజిత్ స్థాపించిన నీలం కల్చరల్ సెంటర్, సంగీతకారుడు టెన్మా నడిపే మద్రాస్ రికార్డ్స్ కలిసి 19 మంది కళాకారులతో ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ను ఏర్పాటు చేశాయి. వారిలో అరివు ఒకరు. ఆ పేరుకు మూలం పండిత అయోతి దాస్ (1845–1914). అణగారిన ప్రజలు తమను ‘కులం లేని తమిళులు’గా చెప్పుకోవాలని ఆయన పందొమ్మిదో శతాబ్దంలోనే పిలుపునిచ్చారు.

ఉత్తర చెన్నై పేటల్లో, చావు ఇళ్ల ముందు పెరిగిన గానా పాటను, పరై మోతను ఈ బృందం రాక్, ర్యాప్‌లతో కలిపింది. పరై మన డప్పుకు తోబుట్టువు. చావుకు మోగాలి, కచేరీకి మాత్రం పనికిరాదు అన్నదే దాని విషయంలో కూడా పై కులాల లెక్క. 2018 జనవరి 6న చెన్నై కీల్పాక్‌లో తొలి కచేరీ జరిగింది. అది మార్గళి మాసం. చెన్నై సభల్లో కర్ణాటక సంగీతం హోరెత్తే కాలం. అదే నగరంలో, అదే కాలంలో రిజర్వేషన్ల గురించి, గొడ్డు మాంసం గురించి పాడే గొంతులు వేదికెక్కాయి.

వీధి గొంతు

2019లో అరివు, సంగీతకారుడు ఆఫ్రోతో కలిసి ‘తెరుక్కురల్’ ఆల్బం తెచ్చారు. తమిళంలో తెరు అంటే వీధి, కురల్ అంటే గొంతు. వింటే తిరుక్కురళ్ గుర్తొస్తుంది. పండితులు నెత్తిన పెట్టుకునే గ్రంథం పేరును వీధిలోకి దింపిన మాట అది. పౌరసత్వ చట్ట సవరణకు వ్యతిరేకంగా జనం రోడ్డెక్కిన రోజుల్లో ఆయన ‘సండ సెయ్‌వోం’ పాడారు. సినిమాలూ పిలిచాయి. విజయ్ నటించిన ‘మాస్టర్’ (2021)లో ‘వాత్తి రైడ్’ ఆయన రాసిందే.

అవ్వ కథ

2021 మార్చిలో ‘ఎంజాయ్ ఎంజామి’ వచ్చింది. పాడింది అరివు, ధీ. నిర్మాణం సంతోష్ నారాయణన్. విడుదల చేసింది ‘మాజ్జా’ సంస్థ. యూట్యూబ్‌లో 40 కోట్లకు పైగా వీక్షణలు దాటిన ఈ పాటలో ఉన్నది అరివు అవ్వ వల్లియమ్మాళ్ బతుకు. ఆమె శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసిన మనిషి.

ఆ తోటలకు బ్రిటిష్ కాలంలో తరలిపోయిన వారిలో దళితులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1948 నాటి సిలోన్ పౌరసత్వ చట్టం వారిలో అత్యధికులను ఏ దేశానికీ చెందనివారిగా మార్చింది. 1964లో సిరిమావో–శాస్త్రి ఒప్పందం ప్రకారం 5,25,000 మందిని భారతదేశం, 3,00,000 మందిని సిలోన్ తీసుకోవాలని రాసుకున్నారు. తోటలను పెంచినవారికి అక్కడ నేల లేదు, తిరిగొచ్చాక ఇక్కడా లేదు. జనం చిందేసిన పాట అడుగున ఈ చరిత్ర ఉంది.

పేరు జారిన చోట్లు

2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ, షాన్ విన్సెంట్ డి పాల్ కనిపించారు. వారి పాటల్లో పేరుపొందిన ‘ఎంజాయ్ ఎంజామి’, ‘నీయే ఒళి’ రెండింటికీ మాటలు రాసిన అరివు లేరు. పా. రంజిత్ బహిరంగంగా ప్రశ్నించారు. విమర్శలు ముదిరాక పత్రిక అరివుతో డిజిటల్ ముఖచిత్రం వేసింది.

2022 జులై 28న చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేడుకలో ఆ పాట మళ్లీ మోగింది. వేదికపై అరివు లేరు. పాట కట్టింది, రాసింది, పాడింది తానేనని ఆయన ఇన్‌స్టాగ్రామ్‌లో రాశారు. సంతోష్ నారాయణన్ దానికి బదులిచ్చారు. పాట ముగ్గురి ఉమ్మడి కృషి అనీ, ఆదాయం ముగ్గురికీ సమానమనీ, అరివు అప్పుడు అమెరికాలో ఉండడంతో నిర్వాహకులు ఆయన గొంతు రికార్డును వాడుకున్నారనీ చెప్పారు. 2024 మార్చిలో అదే సంతోష్ నారాయణన్, ఈ పాటపై తమకెవరికీ ఒక్క పైసా రాలేదని ఆరోపించారు. మాజ్జా తన వాదన తాను వినిపించింది.

బాణీ ఎవరిదన్న తగువును మేం ఇక్కడ తీర్చలేం. అయితే మాటల విషయంలో తగువే లేదు. అవి అరివువని అందరూ ఒప్పుకున్నారు. అయినా ముఖచిత్రం వేసేటప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ర్యాప్‌లో మాటే మనిషి. మాటను ఉంచుకుని మనిషిని పక్కన పెట్టడం పొరపాటుగా ఒకసారి జరగొచ్చు. పదేపదే జరిగితే అది అలవాటు. పొలంలో పంట, గుడికట్టులో రాయి, పెళ్లిలో డప్పు, అన్నిటా ఈ అలవాటు ఉంది: పని కావాలి, పనిచేసినవాడు కనబడకూడదు. ‘జానపదం’ అని ఒక్క ముక్క రాసి పాట కట్టినవారి పేరు కొట్టేయడం తెలుగువారికీ తెలిసిన విద్యే.

అరివు ఆగలేదు. ‘ది అంబాసా’ పేరుతో సొంత బృందం కట్టుకున్నారు. 2024లో ‘వల్లియమ్మ పేరాండి’ ఆల్బం తెచ్చారు. పేరాండి అంటే మనవడు. ఈసారి అవ్వ పేరు పాట లోపల ఎక్కడో లేదు, ఆల్బం అట్ట మీదే ఉంది. ఎవరూ తీసేయలేని చోట ఆయన దాన్ని పెట్టారు. పాటను వేదికలు ఎక్కించే సంస్థలూ పత్రికలూ ఇకనైనా నేర్చుకోవాల్సింది ఇంతే: పాట వాడుకునేటప్పుడు దాని మనిషిని కూడా పేరు పెట్టి పిలవాలి.