రైలెక్కి వచ్చిన పడవలు: కొలరాడో నదిపై పావెల్ యాత్ర

అమెరికా సంయుక్తరాష్ట్రాలను తూర్పు నుంచి పడమటికి కలిపే మొదటి రైలుమార్గం 1869 మే 10న పూర్తయింది. ఆ తరువాత సరిగా రెండు వారాలకు, మే 24న, వయోమింగ్ ప్రాంతంలోని గ్రీన్ రివర్ అనే చిన్న స్టేషను దగ్గర నాలుగు పడవలు నీటిలోకి దిగినవి. ఆ పడవలు తయారయినది ఆ నది ఒడ్డున కాదు, పదమూడు వందల మైళ్లకు పైగా దూరానున్న షికాగో నగరంలో. వాటిని రైలుమీద తెచ్చి, నదిని రైలు వంతెన దాటేచోట దించినారు. పడవలలో పదిమంది మనుష్యులున్నారు. వారి నాయకుడు జాన్ వెస్లీ పావెల్. ఆయన భూగర్భశాస్త్ర ఆచార్యుడు, వయస్సు ముప్పదియైదేళ్లు. 1862లో అంతర్యుద్ధంలో షైలో పోరాటంలో తగిలిన గాయంవల్ల కుడిచేయి మోచేతి దిగువకు లేదు.

గ్రీన్ నది దక్షిణానికి పారి కొలరాడో నదితో కలుస్తుంది. అక్కడినుంచి కొలరాడో నది మహా అగాధదరి గుండా, అనగా నిట్టనిలువు గోడలవంటి కొండల నడుమ అతిలోతైన కోతగుండా పోయి, పడమటనున్న ఎడారి భూములలో బయటపడుతుంది. ఈ మార్గం పొడవు సుమారు 1,000 మైళ్లు. యూట్, పైయూట్, హోపీ మొదలైన స్థానిక జాతులవారికి ఆ ప్రాంతమూ, నదిని దాటే రేవులూ తరతరాలుగా తెలుసు. అయితే అమెరికా ప్రభుత్వ పటాలలో మాత్రం ఈ భాగంలో చాలామేర ఖాళీగానే ఉండేది.

ఎగువకు పోవడమా, దిగువకు పోవడమా?

పావెల్‌కు పూర్వం ఈ నదిని మరొక దిక్కునుంచి చూడబోయినవాడు లెఫ్టినెంటు జోసెఫ్ ఐవ్స్. ఆయన పడవ కూడా విప్పి మోసుకుపోవడానికి వీలయినదే. 54 అడుగుల పొడవుగల ఇనుప ఆవిరిపడవను ఫిలడెల్ఫియాలో నిర్మించి, ముక్కలుగా విప్పి, పనామా భూసంధి మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కోకు, అక్కడినుంచి ఓడమీద కొలరాడో నదీముఖానికి చేర్చినారు. అక్కడి బురదనేలమీద తిరిగి బిగించి, 1857 డిసెంబరు చివర నీటిలోకి దించినారు. 1858 మార్చిలో బ్లాక్ కాన్యన్ ముఖద్వారంలో అది ఒక బండను ఢీకొన్నది. ఆవిరిపడవ ఇక ఎగువకు పోజాలదని ఐవ్స్ నిశ్చయించుకొన్నాడు.

ఆ అనుభవంవల్ల ఒక విషయం తేలింది. వేగంగా పడుతూ వచ్చే నదిని ఎదురెక్కలేరు; పైనుంచి ప్రవాహంతో దిగిరావలసిందే. కాని పైభాగానికి పడవలను చేర్చడమెట్లా? బండ్లమీద వందల మైళ్లు కొండలు దాటించడం కష్టం. రైలుమార్గం గ్రీన్ నదిని దాటడంతో ఈ చిక్కు తీరిపోయింది. 1868-69 శీతకాలం పావెల్ గ్రీన్ నదికి ఉపనది అయిన వైట్ నది లోయలో గడిపి, చుట్టుపట్ల అగాధదరులను కొంతవరకు పరిశీలించినాడు. పిమ్మట షికాగోలో పడవల నిర్మాణానికి పురమాయించినాడు.

దిగువకు పోవడంలో వేరొక ప్రమాదమున్నది. అగాధదరిలో దిగినవారికి వెనుకకు తిరిగే అవకాశం లేదు. గోడలు ఎక్కి బయటపడే చోట్లు చాల అరుదు. కనుక కావలసినదంతా ముందుగానే ఆలోచించి పడవలో పెట్టుకోవాలి.

పడవలు, సరకులు

మూడు పడవలు ఓక్ కర్రతో చేసినవి. ఒక్కొక్కదాని పొడవు 21 అడుగులు. వీటి ముందుకొననూ, వెనుకకొననూ నీరు చొరని గదులుగా మూసివేసినారు. పడవ నీటితో నిండినా ఈ గదులలోని గాలి దానిని మునగనీయదు. నాలుగోది 16 అడుగుల పైన్ కర్ర పడవ, తేలికయినది. పావెల్ భార్య పేరిట దానికి ఎమ్మా డీన్ అని పేరు పెట్టినారు. అది ముందు పోతుంది. ప్రమాదకరమైన ఉరవడి కనిపించినప్పుడు అందులోనుంచి జెండా ఊపి వెనుకవారిని ఒడ్డుకు రమ్మని హెచ్చరించాలి.

ఆహారం పది నెలలకు సరిపడేంత ఎక్కించినారు. శీతకాలంలో నది గడ్డకట్టితే ఎక్కడనో ఆగిపోవలసి వస్తుందని వారి అంచనా. ఒక పడవ పోయినా తక్కినవారు నిలదొక్కుకొనేందుకు సరకులను మూడు పెద్ద పడవలకు సమానంగా పంచినారు. సెక్స్‌టాంట్లు, కాలమాపక గడియారాలు, ఉష్ణమాపకాలు, దిక్సూచులు, భారమితులు వెంట తీసుకొన్నారు.

భారమితితో జమాఖర్చు

ఆ రోజులలో చాలమందికి ఒక భయముండేది. ఆ గోడల నడుమ ఎక్కడనో నయాగరా వంటి జలపాతముంటే ఏమి గతి? చప్పుడు వినపడేసరికే పడవ ప్రవాహంలో చిక్కుకొనిపోవచ్చు. ఈ భయానికి కొంతమేర సమాధానమివ్వగలది పాదరస భారమితి.

సముద్రమట్టాన గాలి ఒత్తిడి సుమారు 30 అంగుళాల ఎత్తుగల పాదరస స్తంభాన్ని నిలుపుతుంది. పైకి పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. మొదటి కొన్నివేల అడుగులలో, స్థూలంగా వెయ్యి అడుగులకు ఒక అంగుళం చొప్పున పాదరసం దిగుతుంది. యాత్ర మొదలయిన చోటు సముద్రమట్టానికి సుమారు 6,000 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడ పాదరసం 24 అంగుళాల దగ్గర నిలుస్తుంది. యాత్ర ముగియవలసిన వర్జిన్ నదీ సంగమం ఎత్తు సుమారు 700 అడుగులు. అక్కడ 29 అంగుళాలకు కొంచెం పైన నిలుస్తుంది. అనగా నది మొత్తంమీద దాదాపు 5,300 అడుగులు దిగాలి. వెయ్యి మైళ్లకు పంచితే మైలుకు అయిదడుగులకు కొంచెం పైన.

సగటు ఒక్కటే చాలదు. నది ఆ దిగుడును మెల్లమెల్లగా దిగవచ్చు, ఒక్క దూకులో సగం దిగవచ్చు. కాని దినదినమూ భారమితిని చూస్తూపోతే ఎంత దిగినారో తెలుస్తుంది. దానిని మొత్తంనుంచి తీసివేస్తే ఇంకెంత మిగిలినదో తెలుస్తుంది. మిగిలిన దిగుడు తగ్గినకొద్దీ, పెద్ద జలపాతం ఎదురుకాగలదన్న భయమూ తగ్గుతుంది. గృహస్థు నెల జమాఖర్చు చూచుకొన్నట్లే ఇది. వాతావరణం మారినప్పుడు కూడ పాదరసం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. కనుక ఒకసారి చూచిన అంకెను నమ్మక, అనేకసార్లు చూచి సగటు తీయాలి.

ఎక్కడ లెక్క తప్పింది?

యాత్ర ఆరంభమైన రెండు వారాలకు, జూన్ రెండో వారంలో, లొడోర్ అగాధదరిలో మొదటి ఆపద వచ్చింది. నో నేమ్ అనే పడవ సకాలంలో ఒడ్డుకు చేరలేక ఉరవడిలో పడి, బండలకు కొట్టుకొని ముక్కలయింది. అందులోని ముగ్గురూ ప్రాణాలతో బయటపడినారు. కాని మూడోవంతు ఆహారం పోయింది. అన్ని సరకులనూ జాగ్రత్తగా పంచిన ఆ బృందం ఒక్క పొరపాటు చేసింది. భారమితులన్నీ ఆ పడవలోనే పెట్టినారు! మరునాడు ఇద్దరు సాహసించి, బండలమధ్య ఇరుక్కొన్న పడవ తునక దగ్గరకు పోయి, చెక్కుచెదరని భారమితులను తీసుకొని వచ్చినారు.

పడవల నిర్మాణంలోను ఒక లోపమున్నది. అవి సరస్సులకూ, లోతైన నదులకూ తగిన పడవలు. అడుగు గుండ్రంగా ఉండి, పొడుగునా నిలువు దూలముండేది. తిన్నగా పోవడానికి అది మంచిదేగాని, బండలమధ్య చటుక్కున ప్రక్కకు తిరగడానికి పనికిరాదు. అంతేకాక తెడ్లు వేసేవారు వీపును ప్రవాహం దిక్కుకు పెట్టి కూర్చోవలసి వచ్చేది. ఎదురయ్యే బండ వారికి కనపడదు. అందుచేత పెద్ద ఉరవళ్ల దగ్గర తాళ్లు కట్టి గట్టు వెంట పడవలను మెల్లగా దించేవారు, లేదా సరకులతో సహా భుజాలమీద మోసేవారు. బరువయిన ఓక్ పడవలను మోయడంలో వారి బలమంతా హరించిపోయేది.

పది నెలల ఆహారం కూడ నిలువలేదు. కొంత నీటిపాలయింది, కొంత తడిసి చెడింది. జులై మొదట్లో యూట్ జాతివారి ఏజెన్సీ దగ్గర ఒకడు యాత్ర విరమించుకొన్నాడు. అక్కడ దొరికిన కొంత పిండిని పావెల్ కొన్నాడు. జులై నడుమ కొలరాడో సంగమానికి చేరేసరికి పిండి ముద్దకట్టి బూజు పట్టింది. దోమతెరతో జల్లించి, రెండు వందల పౌన్ల పిండిని పారబోసినారు. ఆగస్టు 13న మహా అగాధదరిలో ముఖ్యభాగం ప్రవేశించేటప్పటికి బూజు వాసన పిండి, ఎండు ఆపిళ్లు, కాఫీ మాత్రమే మిగిలినవి. మాంసం చెడిపోయింది. అప్పటినుంచి ప్రయాణాన్ని నడిపించినది మిగిలిన పిండి లెక్కయే.

విడిపోయిన రోజు

ఆగస్టు 27న అంతకు ముందెన్నడూ చూడనంత భయంకరమైన ఉరవడి ఎదురయింది. ప్రక్కగా దించడానికి గట్టు లేదు. ఓరమెల్ హౌలండ్, ఆయన తమ్ముడు సెనెకా, విలియం డన్ అనే ముగ్గురు ఇక నదిమీద రామని, గోడ ఎక్కి బయటపడతామని చెప్పినారు. హౌలండ్ సోదరులు నో నేమ్ పడవ బ్రద్దలయినప్పుడు అందులో ఉన్నవారే.

ఆ రాత్రి పావెల్ సెక్స్‌టాంటుతో నక్షత్రాలను చూచి అక్షాంశం గుణించి, నదిమీద వచ్చిన దారిని కాగితంమీద గీసి చూచినాడు. వర్జిన్ సంగమం తిన్నగా 45 మైళ్ల దూరాన ఉన్నదనీ, వంకరలతో 80, 90 మైళ్లు ఉండవచ్చుననీ తేలింది. ఆ పటాన్ని ఓరమెల్ హౌలండ్‌కు చూపినాడు. కాని ఆ మైళ్లలో ఎన్ని ఉరవళ్లున్నవో ఏ లెక్కా చెప్పలేదు. పావెల్ కూడ రాత్రంతా నిద్రలేక, నదిని విడిచిపోవడమా, కొనసాగడమా అని ఆలోచించినాడు.

ఆగస్టు 28 ఉదయం ఆ ముగ్గురూ తుపాకులతో కొండ ఎక్కినారు. మిగిలిన ఆరుగురు ఎమ్మా డీన్‌ను అక్కడనే వదలి, రెండు పడవలలో ఉరవడిని దాటినారు. మరునాటి మధ్యాహ్నానికి అగాధదరి గోడలు వెనుకబడినవి. ఆగస్టు 30న వర్జిన్ సంగమం దగ్గర వలవేసి చేపలు పడుతున్న మొర్మన్ మతస్థులు వారికి కనపడినారు. పడవల తునకలుగాని, శవాలుగాని కొట్టుకొని వస్తే చూడవలసిందని వారికి అదివరకే కబురు అందియున్నది.

కొండ ఎక్కిన ముగ్గురూ తిరిగి రాలేదు. వారిని షివ్‌విట్ తెగవారు వేరెవరో అనుకొని చంపినారని మరుసటి సంవత్సరం పావెల్ విన్నాడు. ఈ కథనాన్ని చరిత్రకారులందరూ అంగీకరించలేదు.

రెండో యాత్ర నేర్చుకొన్నది

మొదటి యాత్రలో ప్రాణరక్షణకే కాలమంతా చాలకపోయినందున కొలతలు, వ్రాతలు అసంపూర్ణంగా మిగిలినవి. కనుక 1871 మే 22న అదే స్టేషను దగ్గర పావెల్ రెండోసారి బయలుదేరినాడు. ఈసారి పడవల నడుమ కూడ మూసిన గది ఒకటి పెట్టించినాడు. మొత్తం ఆహారం మోసుకుపోక, దారిలో కొన్నిచోట్లకు గుర్రాలమీద సరకు వచ్చేటట్లు ఏర్పాటు చేసినాడు.

ఆ ఏర్పాటు కూడ అంతటా నెరవేరలేదు. డర్టీ డెవిల్ అనే ఉపనది సంగమానికి సరకు తేవలసినవారు దారి కనుక్కోలేకపోయినారు. ఒక పడవను అక్కడ దాచి, తక్కినవాటితో ముందుకు పోయినారు. దీనికి కారణం 1872లో పావెల్ బావమరిది ఆల్మన్ థాంప్సన్ ఆ పడవకోసం భూమార్గాన పోయినప్పుడు తెలిసింది. సరకు తెచ్చినవారు డర్టీ డెవిల్ అనుకొన్న నది వేరొకటి. పటాలలో లేని నది. దానికి ఎస్కలాంటి అని పేరు పెట్టినారు. సరకు చేరకపోవడంవల్ల ఒక నది పటానికెక్కింది.

పడవ నడిపే విధానాన్ని సరిదిద్దినవాడు నథానియల్ గాలొవే. 1890 తరువాతి దశకంలో ఆయన తేలికయిన, చదునడుగు పడవలు కట్టి, నడిపేవాడు ప్రవాహం దిక్కుకు ముఖం పెట్టి కూర్చొనే పద్ధతిని అలవాటు చేసినాడు. పావెల్ 1881 నుంచి 1894 వరకు అమెరికా భూగర్భ సర్వే సంస్థకు డైరెక్టరుగా పనిచేసి, 1902లో మరణించినాడు. 1963లో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట వెనుక నీరు నిలవసాగింది. ఆ జలాశయానికి పావెల్ పేరే పెట్టినారు. ఈనాడు మోటారుకారు వెనుక చక్రాల బండిమీద పడవను తగిలించుకొని అక్కడికి వచ్చేవారు అనేకులు.

నదిమీద దూరప్రయాణానికి పూనుకొనేవారు ఈనాటికీ ఆ లెక్కలే వేసుకోవాలి: ఎంత దూరం, ఎంత దిగుడు, ఎన్ని దినాల తిండి, నడుమ ఎక్కడ ఒడ్డెక్కవచ్చు. పావెల్‌కు మొదటి రెండూ స్థూలంగా తెలుసు. పది నెలలకని పెట్టిన మూడోది మూడు నెలలలో అడుగంటింది. ఆ ముగ్గురూ విడిపోయిన రాత్రి చర్చ అంతా నాలుగోదానిని గురించినదే. ఉపాధ్యాయులు ఈ అంకెలను నల్లబల్లమీద వేసి, పాదరసం 27 అంగుళాల దగ్గర నిలిచిననాడు నది ఇంకెన్ని అడుగులు దిగవలసియున్నదో విద్యార్థులచేత లెక్క కట్టించవచ్చు. వెయ్యి అడుగులకు ఒక అంగుళమనే స్థూలగణనతో చేస్తే, సమాధానం రెండువేల అడుగుల పైచిలుకు వస్తుంది.