ఇటలీ కౌబాయ్

అమెరికా పడమటి ఎడారుల కథలను ఇటలీవాళ్లు స్పెయిన్ కొండల్లో తీసిన సినిమాలే స్పగెట్టి వెస్టర్న్‌లు. ఎగతాళిగా తగిలించిన ఆ పేరే చివరికి స్థిరపడిపోయింది.

1960ల మొదట్లో రోమ్ స్టూడియోలకు కూడుపెట్టినవి కండల వీరుల పౌరాణికాలు. స్టీవ్ రీవ్స్ నటించిన ‘హెర్క్యులిస్’ (1958) విరగబడి ఆడడంతో అలాంటివే వరస కట్టాయి. ఐదారేళ్లకు జనానికి మొహం మొత్తింది. ఈలోగా పశ్చిమ జర్మనీ నిర్మాతలు కార్ల్ మే నవల ఆధారంగా యుగోస్లావియాలో తీసిన ‘ది ట్రెజర్ ఆఫ్ సిల్వర్ లేక్’ (1962) బాగా ఆడింది. కౌబాయ్ కథకు అమెరికాయే అక్కర్లేదని దాంతో తేలిపోయింది.

ఇటలీలో అప్పటికే కొన్ని కౌబాయ్ సినిమాలు వచ్చినా, దారి మళ్లించింది మాత్రం 1964లో సెర్జియో లియోనే తీసిన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’. ఇటలీ పేర్లు చూస్తే జనం రారన్న భయంతో తెరమీద అందరికీ మారుపేర్లు పెట్టారు. లియోనే ‘బాబ్ రాబర్ట్‌సన్’ అయ్యాడు. ఒకప్పుడు రొబెర్తో రొబెర్తి పేరుతో సినిమాలు తీసిన తండ్రికి కొడుకునని అందులో చమత్కారం. సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనే ‘డాన్ సావియో’, ప్రతినాయకుడు జాన్ మరియా వొలొంతే ‘జాన్ వెల్స్’. హీరోగా మాత్రం అసలైన అమెరికన్‌నే తెచ్చుకున్నారు. ‘రాహైడ్’ అనే టీవీ ధారావాహికలో నటిస్తున్న క్లింట్ ఈస్ట్‌వుడ్ 15,000 డాలర్లకు ఒప్పుకున్నాడు. కథ మాత్రం జపాన్ దర్శకుడు కురోసావా తీసిన ‘యోజింబో’ (1961)ది. అనుమతి అడగలేదు. ‘యోజింబో’ నిర్మాణ సంస్థ తోహో గట్టిగా పట్టుకోవడంతో వసూళ్లలో వాటా ఇచ్చుకోవాల్సి వచ్చింది. అమెరికాలో లియోనే సినిమా విడుదలయ్యేసరికి 1967 అయింది.

ఈ సినిమాల తీరును తీర్చిదిద్దింది ఎక్కువగా డబ్బు కొరతే. టెక్నిస్కోప్ పద్ధతిలో ఒక్కో ఫ్రేముకు నాలుగు రంధ్రాల ఫిల్ముకు బదులు రెండు రంధ్రాల ఫిల్మే వాడతారు కాబట్టి ముడిఫిల్ము ఖర్చు సగమవుతుంది. పైగా మామూలు లెన్సులతోనే వెడల్పాటి తెరకు సరిపడే బొమ్మ వస్తుంది. ముఖానికి బాగా దగ్గరగా వెళ్లి చెమట, ముడతలు, కనురెప్పల కదలిక తెరనిండా చూపడానికి అది కలిసొచ్చింది. చిత్రీకరణలో ఎవరి భాషలో వాళ్లు మాట్లాడేవారు, మాటలన్నీ తర్వాత డబ్బింగులో అతికేవారు. దాంతో సంభాషణల భారం చాలావరకు చూపులు, ఈలలు, గిటారు మోసేవి. మొరికోనే, లియోనే చిన్నప్పుడు ఒకే బడిలో, ఒకే తరగతిలో చదువుకున్నవాళ్లు. ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ (1968) నాటికి బాణీలు ముందే సిద్ధం చేసి, సెట్టులో వినిపిస్తూ నటుల నడకను వాటికి కుదిర్చేవారు.

ఎడారికి స్పెయిన్‌లోని అల్మెరియా జిల్లా తబెర్నాస్ ప్రాంతం సరిపోయింది. ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966)లో ముగ్గురు ఎదురెదురుగా నిలిచే శ్మశానాన్ని మాత్రం ఉత్తరాన బుర్గోస్ దగ్గర స్పెయిన్ సైనికుల చేత కట్టించారు. అదే సినిమాలో వంతెనను కెమెరాలు తిరగకముందే పొరపాటున పేల్చేశారు. పాపం, సైనికులే మళ్లీ కట్టాల్సి వచ్చింది.

లియోనే నిదానస్తుడు. దానికి పూర్తి విరుద్ధం సెర్జియో కొర్బూచి. అతని ‘జాంగో’ (1966)లో శవపేటికను బురదలో ఈడ్చుకొచ్చే ఫ్రాంకో నీరోకు అప్పుడు పాతికేళ్లు కూడా నిండలేదు. అందులోని హింస చూసి బ్రిటన్ సెన్సారు 1993 దాకా ఆ సినిమాను అనుమతించలేదు. పేరుకున్న గిరాకీ చూసి, కథతో సంబంధం లేని సినిమాలకూ ‘జాంగో’ అని తగిలించి అమ్ముకున్నారు. హాలీవుడ్‌లో చిన్నా చితకా వేషాలేస్తున్న లీ వాన్ క్లీఫ్ ఇటలీకి వచ్చాకే తార అయ్యాడు.

1970లో ‘దే కాల్ మి ట్రినిటీ’ వచ్చి మొత్తం వ్యవహారాన్ని హాస్యంగా మార్చింది. అందులో నటించిన టెరెన్స్ హిల్ అసలు పేరు మారియో జిరొత్తి. బడ్ స్పెన్సర్ అసలు పేరు కార్లో పెదెర్సోలి, ఒలింపిక్స్‌లో ఇటలీ తరఫున ఈదినవాడు. ఇక తుపాకీ వీరుణ్ణి గంభీరంగా చూడడం జనానికి కష్టమైపోయింది.

ఇంతలో ఆ గాలి తెలుగు తెరకూ సోకింది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ 1971లో విడుదలైంది. దీని ఎడారి దృశ్యాలను రాజస్థాన్‌లో తీశారు. ఇటలీలో మాత్రం 1970ల మధ్యకు గిరాకీ పడిపోయింది. కాస్టెల్లరి దర్శకత్వంలో ఫ్రాంకో నీరో నటించిన ‘కియోమా’ (1976) ఆ వరసలో చెప్పుకోదగ్గ చివరి సినిమాల్లో ఒకటి. అప్పటికే రోమ్ నిర్మాతలు పోలీసు కథల మీద, భయానక చిత్రాల మీద పడ్డారు.