తంపరకి చుట్టాలెవరు?

పెద్దపండగ ముందు నౌపడా జంక్షన్‌లో రైలు దిగే జనాన్ని చూడాలి. హైదరాబాద్, చెన్నై, విశాఖ, భువనేశ్వర్... ఎక్కడెక్కడి పనుల్లోంచో సంచులు మోసుకుంటూ వస్తారు. ఆ గుంపులో నేనూ ఒకడిని. అక్కణ్ణించి సముద్రం వైపు వెళ్తే పొగమంచు కింద పల్చగా పరుచుకున్న నీళ్ళు కనిపిస్తాయి. అది సముద్రమూ కాదు, చెరువూ కాదు. పోటుకి ఎక్కే ఉప్పునీరు, వానలకి దిగే మంచినీరు కలిసే చిత్తడి. మా వైపు తంపర అంటారు.

చదువుకున్న చరిత్రలో తంపర పేరు నాకెక్కడా తగల్లేదు. ఉప్పు మాత్రం ఉంది. 1805లో కుంపిణీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పుని తన గుత్తకి తీసుకుంది. అప్పట్లో ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. 1900లో పర్లాకిమిడి రాజా వేయించిన చిన్న గేజి రైలు నౌపడా నుంచే బయల్దేరింది. ఉప్పు పండేది ఎండల్లో. కానీ గట్లు వేసి మళ్ళు సిద్ధం చేసే పని చలికాలంలోనే మొదలవుతుంది. అంటే ఈ నీటి విలువ సర్కారుకి ఏనాడో తెలుసు. తెలిసింది ఉప్పు విలువ ఒక్కటే.

మిగతాది తేలినీలాపురంలో కనిపిస్తుంది. ఈ కాలంలో ఆ ఊరి చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లల్ని సాకుతుంటాయి. వాటికి మేత తంపర నీళ్ళలో. ఊళ్ళో వాటినెవరూ కొట్టరు. పిట్టలొస్తే ఊరికి మంచిదని నమ్మకం. రెట్టల కంపు భరిస్తారు గానీ చెట్టు కొట్టరు.

వీటిని అందరూ 'సైబీరియా పక్షులు' అంటారు. చిన్నప్పుడు నేనూ అలాగే చెప్పేవాణ్ణి. నిజానికి ఈ రెండు జాతులూ మన ఉపఖండంలోనే గూళ్ళు కట్టి పిల్లల్ని చేసేవి. సైబీరియాతో వాటికి ఏ సంబంధమూ లేదు. ఇక్కడే గుడ్లు పెట్టి, ఇక్కడే పిల్లల్ని చేసే వాటిని విదేశీ అతిథులనడం ఏం న్యాయం? పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లని చుట్టమంటామా?

పేరు తప్పుగా పెడితే హక్కూ తప్పిపోతుంది. తంపరని 'ఖాళీ చిత్తడి' అన్నప్పుడు జరిగింది అదే. ఉత్తరాన సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ళ మీద 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి. ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయిందీ ఆరోజే. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న ఈ తంపర ఒడ్డునే కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు. రెండుచోట్లా ప్రాణాలు పోయాయి. వాళ్ళు అడిగింది కొత్తదేం కాదు. చేపల వల, మడి, పశువుల మేత ఉన్నచోట ఉండనిమ్మన్నారు.

కనుమ మర్నాటికి స్టేషన్ మళ్ళీ నిండిపోతుంది, ఈసారి వెళ్ళేవాళ్ళతో. నాలుగు రోజులుండి పోయే మమ్మల్ని ఊరివాళ్ళంటారు. ఆర్నెల్లుండి పిల్లల్ని పెంచుకునే పిట్టల్ని అతిథులంటారు. రైలు కదులుతుంటే ఆ మాట తలుచుకుని కొంచెం సిగ్గేస్తుంది.