మనుషులు లేని కాన్వాస్: మధిర సూర్యప్రకాశ్

జనగామ పక్కనున్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఇప్పటికీ కథల పటాలు గీస్తారు. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల ముద్ద, బంక కలిపి పూసి ఆరబెడతారు. ఆ తర్వాత ఎర్రటి నేపథ్యం మీద మార్కండేయుడి కథనో మడేలు కథనో వరుసగా దించుతారు. ఎక్కడ చూసినా మనుషులు, దేవుళ్లు, జంతువులే. ఆధునికుల్లోనూ లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం పల్లె మనుషుల్ని గీసే దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. తెలంగాణ బొమ్మ అనగానే నుదుట పెద్ద బొట్టుతో ఓ ఆడమనిషి కళ్లముందు నిలుస్తుంది. అదే నేల మీద పుట్టిన చిత్రకారుడు సూర్యప్రకాశ్ మాత్రం మనిషిని పక్కన పెట్టి చెట్టునీ నీటినీ ఎంచుకున్నారు.

ఆయన 1940లో మధిరలో పుట్టారు. అప్పటికింకా ఖమ్మం జిల్లా లేదు. 1953లో ఆ జిల్లా ఏర్పడేదాకా మధిర వరంగల్ జిల్లాలోనే ఉండేది. సూర్యప్రకాశ్ హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి, 1960ల మొదట్లో ఢిల్లీ చేరి చిత్రకారుడు రామ్‌కుమార్ దగ్గర పనిచేశారు.

గురువు దొరికిన సమయం కూడా కలిసొచ్చింది. రామ్‌కుమార్ అంతకుముందు నగరాల్లో దిక్కుతోచని మనుషుల్ని గీసేవారు. 1960లో తోటి చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్‌తో కలిసి కాశీ వెళ్లొచ్చాక ఆయన చిత్రాల్లోంచి మనుషులు తప్పుకున్నారు. ఘాట్లు, ఇళ్లు, నది కలగలిసి రంగుల పలకలయ్యాయి. ప్రకృతిని వదిలిపెట్టకుండానే నైరూప్య చిత్రం గీయవచ్చన్న సంగతి సూర్యప్రకాశ్‌కు ఆ గురువు దగ్గరే ఎదురుగా కనబడింది.

సూర్యప్రకాశ్‌కు మొదట పేరు తెచ్చినవి మాత్రం తుప్పు పట్టిన కార్లు. ఎవరికీ అక్కరలేక పారేసిన మోటారు బళ్లను వరుసగా గీశారు. ఆ తర్వాత ఆకులు, చెట్లు, కలువ కొలనుల వైపు మళ్లారు. పైకి చూస్తే రెండింటికీ పొంతన లేదనిపిస్తుంది, కానీ చూపు ఒక్కటే. తుప్పు ఇనుము అంచుల్ని తినేస్తుంది. నీరు చెట్టు నీడను కదిలించి దాని గీతల్ని చెరిపేస్తుంది. వస్తువు ఆకారం కరిగిపోయి రంగు మిగిలే ఆ ఘడియే ఆయనకు కావలసింది. ఆయన కొలను చిత్రం ముందు నిలబడితే ఏది ఆకో, ఏది ఆకు నీడో తేల్చుకోవడానికి కాసేపు పడుతుంది. దూరం జరిగితే కొలను, దగ్గరికి వస్తే వట్టి రంగు.

కలువలనగానే ఫ్రెంచి చిత్రకారుడు మోనే గుర్తుకొస్తాడు. కళ్లలో శుక్లాలు కమ్ముతున్నా ఆయన కలువ కొలనును గీస్తూనే పోయాడు. 1923లో కంటి ఆపరేషన్ కూడా చేయించుకున్నాడు. అలాంటి దారి పట్టిన సూర్యప్రకాశ్ హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు ఆస్థాన చిత్రకారుడు కావడం చక్కగా అమరింది. చూపు కోసం వచ్చేవాళ్ల మధ్య ఆయన రంగులు ఉండటం కన్నా తగిన చోటు ఏముంటుంది?

ఈ చిత్రాలకు మన ప్రాంతంలో పరాయితనం లేదు. 2016 దాకా ఖమ్మం జిల్లాలో ఉండి, ఇప్పుడు మహబూబాబాద్‌లో కలిసిన బయ్యారంలో గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువుంది. భూపాలపల్లి జిల్లాలో కాకతీయుల నాటి గణపురం చెరువుంది. నీళ్లు నిండిన చెరువు కట్ట మీద సాయంత్రం పూట నిలబడ్డ వాళ్లెవరికీ సూర్యప్రకాశ్ చిత్రానికి వివరణ అక్కరలేదు. నైరూప్య చిత్రం చదువుకున్నవాళ్లకే అర్థమవుతుందన్న మాట ఇక్కడ చెల్లదు.

2019 మే నెలలో ఆయన హైదరాబాద్‌లో కన్నుమూశారు. మధిరలోనో ఖమ్మంలోనో ఆయన కాన్వాసులకు ఒక శాశ్వత గది కేటాయిస్తే, చెరువుల మధ్య పెరిగే పిల్లలు తమ ఊరి నీళ్లను ఒక పెద్ద చిత్రకారుడు ఎలా చూశాడో అక్కడే నిలబడి తెలుసుకోగలుగుతారు. బడుల్లో బొమ్మల పాఠం చెప్పే మాస్టార్లకూ అది పనికొస్తుంది.