బొగ్గుబావిలో నిప్పు, నీరు

1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ త్రవ్వకపు హక్కులను పొందినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. గోదావరి లోయ వెంట సాగిన ఈ త్రవ్వకము 1960 ప్రాంతమున రామగుండమునకు చేరగా, నది చెంత గోదావరిఖని పట్టణము వెలసినది. ఆ పేరులో నదియు కలదు, గనియు కలదు. కార్మికులు ‘బాయి’ అని పిలుచు ఈ గనులకు ప్రధాన శత్రువులలో రెండు నిప్పు, నీరు.

నిప్పు ఎట్లు పుట్టును?

బొగ్గు రగులుటకు అగ్గిపుల్ల అక్కరలేదు. అది గాలిలోని ఆమ్లజనిని మెల్లమెల్లగా పీల్చుకొనును. ఆ చర్యలో వేడి పుట్టును. వేడి పెరిగినకొలది చర్య వేగము హెచ్చును. గాలి బాగుగా వీచుచున్నచో ఆ వేడిని తనతో కొనిపోవును. గాలి బొత్తిగా అందనిచో చర్య ఆగిపోవును. ఈ రెండింటికి నడుమ, సన్నని పగుళ్లగుండా కొద్దిపాటి గాలి చేరుచోటనే అపాయము. వదలివేసిన పాత త్రవ్వకములలో విరిగిపడిన బొగ్గు అట్టిచోటనే ఉండును. ఝరియా బొగ్గు క్షేత్రమున 1916లో గుర్తింపబడిన మంటలు నేటికిని పూర్తిగా చల్లారలేదు.

దీనికి విరుగుడు రెండు విధములు. పాత త్రవ్వకములను గోడలతో మూసి గాలిని అరికట్టుట మొదటిది. బొగ్గు తీసిన ఖాళీలో ఇసుకను నీటితో కలిపి గొట్టములద్వారా నింపుట రెండవది. బ్రిటిష్ ఇండియాలో ఇసుక నింపుటకు తోడ్పడు నిధికై 1939లో ఒక చట్టము చేయబడినది. గోదావరిఖని గనులకు ఆ ఇసుకను గోదావరియే ఇచ్చినది. నిప్పునకు ముందు సూచన పొగ కాదు, కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. కనుకనే గని గాలిని తరచుగా పరీక్షింతురు.

నీటి బలము

యాభై మీటర్ల ఎత్తున నిలిచిన నీరు అడుగుననున్న ప్రతి చదరపు మీటరుపై యాభై టన్నుల బరువు మోపును. నడుమనున్న బొగ్గు గోడ పలుచనైనచో ఏమగునో ఊహింపవచ్చును. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు ఈ విషయమున స్పష్టముగా నుండెను. గని ముఖద్వారము, అచ్చట ఎన్నడైనను వచ్చిన అత్యధిక వరద మట్టమునకు కనీసము 1.5 మీటర్ల ఎత్తున ఉండవలెను. పరీక్షింపని పాత త్రవ్వకమునకు 60 మీటర్లలోపు చేరిన పనిని వ్రాతమూలకమగు అనుమతి లేనిదే ముందుకు సాగింపరాదు.

ఆ నియమములున్న కాలముననే 1975 డిసెంబరు 27న చాస్నాలా గనిలో నీరు విరుచుకుపడి 375 మంది మరణించిరి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకురాగా 17 మంది కార్మికులు మరలి రాలేదు. పుస్తకములో నియమముండుట వేరు, గనిలో అది ప్రతిదినము నడుచుట వేరు. పాత త్రవ్వకముల పటము సరిగానుండవలెను. గోడ మందము కొలువబడవలెను. వేళకు నీటిని తోడివేయవలెను. 2017లో ఈ నిబంధనల స్థానమున క్రొత్తవి వచ్చినవి.

ఇంటికిని అదే సూత్రము

గనికి చెప్పిన ‘అత్యధిక వరద మట్టము’ ఇంటికిని కొలబద్దయే. భద్రాచలమున గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరినది. ముప్పదియారేండ్లు గడచినవని వరద మట్టమును మరచినవారికి 2022 దానిని జ్ఞప్తికి తెచ్చినది. ఇల్లు కట్టదలచినవారు వీధిలోని పెద్దలను అడిగి వరద గుర్తును తెలిసికొని, పునాదిని అంతకంటె ఎత్తుగా లేపుట మేలు. మురుగు కాలువపై కట్టడము కట్టరాదు. నీరు ఇల్లు చేరకమునుపే విద్యుత్ మెయిన్‌ను ఆపవలెను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఉంచరాదు. గనిలో ప్రాణము తీయు వాయువే గదిలోను పుట్టును.

ఉపాధ్యాయులు విద్యార్థులచే తమ ఊరి అత్యధిక వరద మట్టమును విచారింపజేసి, పాఠశాల గోడపై సంవత్సరముతో సహా ఒక గీత గీయింపవచ్చును. రాబోవు తరమువారు ఆ గీతను చూచియే ఇల్లు ఎంత ఎత్తున కట్టవలెనో నిర్ణయించుకొందురు.