సెల్లార్‌కి భూకంపం తక్కువ తెలుస్తుందా? వైజాగ్ బురద నుంచి లాస్ ఏంజెలెస్ దాకా

2014 మే 21 రాత్రి, పది కావస్తుండగా మీరు వైజాగ్‌లో ఉంటే గుర్తుండే ఉంటుంది. బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో భూకంపం. మా నాలుగో అంతస్తు వాళ్లం చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తాం. వాచ్‌మన్ సెల్లార్‌లో కుర్చీ మీద కూర్చుని "ఏటైంది బాబూ?" అన్నాడు. ఆయనకి ఏమీ తెలీలేదు!

పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి, అది అందరికీ తెలిసిందే. కానీ భూమిలోకి దిగిన పునాదికి ఇంకో సంగతి కూడా ఉంది.

ముందు మన ఊరి నేల చూద్దాం. వైజాగ్‌లో రెండు నేలలున్నాయి. కొండల వైపు ఖొండలైట్ రాయి. పోర్టు వైపు మెత్తటి సముద్రపు బంకమన్ను. మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న చిత్తడిని తవ్వి హార్బర్ కట్టారు. డబ్ల్యూ.సి. యాష్ అనే ఇంజినీరు, అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్నే ముంచేశాడు. 1933 అక్టోబర్ 7న 'జలదుర్గ' ఓడ లోపలికొచ్చింది. అప్పటికి మన దేశంలో భూకంపాల కోడ్ అన్నదే లేదు. ఐఎస్ 1893 వచ్చింది 1962లో. స్టీల్ ప్లాంటుకి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన 1971 నాటికి కోడ్ ఉంది, 1967 ఒంగోలు, 1969 భద్రాచలం భూకంపాల అనుభవం కూడా ఉంది.

ఇప్పుడు లాస్ ఏంజెలెస్ వెళ్దాం. అక్కడ హాలీవుడ్ స్టోరేజ్ బిల్డింగ్ అని ఒక గోడౌన్. దాని బేస్‌మెంట్‌లో ఒక యంత్రం, పక్కన పార్కింగ్ స్థలంలో ఇంకో యంత్రం పెట్టారు. 1952లో కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు రెండూ రికార్డు చేశాయి. జార్జ్ హౌస్నర్ అనే ప్రొఫెసర్ 1957లో వాటిని పోల్చి చూశాడు. నెమ్మది ఊపులు రెండు చోట్లా దాదాపు ఒకటే. చకచకా వచ్చే అదురు మాత్రం బేస్‌మెంట్‌లో తక్కువ. 1970లో యమహారా అనే జపాన్ పరిశోధకుడు దీనికి 'ఇన్‌పుట్ లాస్' అని పేరు పెట్టాడు. అంటే నేల ఇచ్చిందంతా బిల్డింగ్ తీసుకోదన్నమాట.

ఎందుకు? కింద నుంచి వచ్చిన తరంగం పైకొచ్చి, నేల అంచు దగ్గర వెనక్కి తిరుగుతుంది. అందుకే ఊపు పైనే ఎక్కువ, లోతుకి వెళ్తే తక్కువ. పైగా కాంక్రీటు పెట్టెలాంటి బేస్‌మెంట్ తరంగంతో పాటు వంగలేదు, సగటు ఊపునే పట్టుకుంటుంది. లెక్క చూడండి. మెత్త నేలలో తరంగం సెకనుకి 200 మీటర్లు పోతుందనుకుందాం, బేస్‌మెంట్ లోతు 6 మీటర్లు. సెకనుకి 5 ఊపులైతే బేస్‌మెంట్‌కి చేరేది సుమారు 40 శాతం తగ్గుతుంది. సెకనుకి ఒక్క ఊపైతే 2 శాతమే. పెద్ద టవర్లు స్పందించేది ఆ నెమ్మది ఊపులకే, కాబట్టి వాటికి లాభం తక్కువ. కొండ రాయిలో వేగం 1500 మీటర్లుంటే అసలు లాభమే లేదు.

"అయితే బురదలో కట్టుకుంటే బెస్టా అన్నా?" అని కామెంట్ పెట్టకండి. బంకమన్ను ముందు ఊపుని పెంచుతుంది, ఆ తర్వాతే బేస్‌మెంట్ కొంచెం తగ్గిస్తుంది. 1985లో మెక్సికో సిటీ ఎక్కడో 350 కిలోమీటర్ల అవతల వచ్చిన భూకంపానికి కూలింది, పాత చెరువు మట్టి మీద ఉండటం వల్ల. ఇంకొకటి, గోడ పక్కన మట్టి సరిగ్గా దట్టించకపోతే ఊగేటప్పుడు సందు పడుతుంది, ఆ కొంచెం లాభం కూడా పోతుంది.

మళ్లీ మా వాచ్‌మన్ దగ్గరికొస్తా. ఈ ఎపిసోడ్ కోసం మా బిల్డింగ్ ప్లాన్ తీసి చూశాను. మనం 'సెల్లార్' అని పిలిచేది సెల్లార్ కాదండీ! నేల మీదే ఉంది, స్తంభాలు తప్ప గోడల్లేవు. స్టిల్ట్ పార్కింగ్. ఇన్‌పుట్ లాస్ లేదు, ఏమీ లేదు. 2001 భుజ్ భూకంపంలో, 200 కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కుప్పకూలిన అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఈ రకమే. అక్కడ వందల మంది పోయారు. 2016 నాటి కోడ్ ప్రకారం వైజాగ్ జోన్ 2లో ఉండేది, అంటే ముప్పు తక్కువన్న లెక్క. అయినా వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో ఆ స్తంభాల మధ్య అక్కడక్కడా గోడలు కట్టించొచ్చా అని ఒక ఇంజినీరుని అడుగుదామంటున్నా. పార్కింగ్ పోతుందని ఇప్పటికే ఇద్దరు అలిగారు.