క్లచ్చి తొక్కక్కర్లేని గేరు మన ఊరికి ఎట్లా వచ్చింది?



పోయినసారి మారికుప్పం రైలు గురించి రాస్తే చాలామంది ఫోన్ చేసి "ఇంకా రాయండి సార్" అన్నారు. ఈసారి రైలు కాదు, కారు గేరుబాక్సు కథ రాస్తున్నాను. కొంచెం పొడుగే. టీ పెట్టుకుని చదవండి. నాది తమిళ మీడియం చదువు, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మా పెద్దన్న గని పని చేసినవాడు. లోపల ఒకసారి ఎయిర్‌బ్లాస్ట్ అయినప్పుడు ఎడమ కాలు నలిగిపోయింది. ప్రాణం దక్కింది గానీ ఆ కాలితో క్లచ్చి తొక్కే బలం మళ్లీ రాలేదు. అందుకే ఆయన పాత ఆటోమేటిక్ కారు ఒకటి కొనుక్కున్నాడు. దానికి కుడికాలు ఒక్కటి చాలు. వదినను ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా, బేతమంగళం పోయి రావాలన్నా ఎవరినీ అడుక్కోనక్కర్లేదు. ఆ కారు ఆయనకు రెండో కాలు.

రెండేళ్ల కింద ఆ కారు మొరాయించింది. రెండో గేరు నుంచి మూడో గేరుకు పోయేటప్పుడు ఇంజను అరుస్తుంది, బండి మాత్రం ముందుకు లాగదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రివర్స్ వేస్తే నాలుగు అంకెలు లెక్కపెట్టాక గానీ కదలదు. బెంగళూరులో ఒక వర్క్‌షాపులో చూపిస్తే, బాక్సు మొత్తం మార్చాలి అన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు కారు ధర కంటే ఎక్కువ. అన్న ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి తాళంచెవి గూట్లో పెట్టేశాడు. నెల రోజులు గడప దాటలేదు.

అప్పుడు ఆండర్సన్‌పేటలో ఉండే ఫిట్టర్ మామ వచ్చాడు. ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. డిప్‌స్టిక్ తీసి నూనె వాసన చూసి, "కాలిన వాసన వస్తా ఉందప్పా. లోపల ప్లేట్లు పోయినాయి. మనమే విప్పుదాం, రా" అన్నాడు. నాకు ఆశ్చర్యమేసింది. కార్ల ఆటోమేటిక్ బాక్సు గురించి గనుల ఊరి మనిషికి ఎట్లా తెలుసు? దానికి జవాబే ఈ చరిత్ర.

మన ఊరు యంత్రాలతో పుట్టిన ఊరు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చాక గనులు లోతుకు దిగడం మొదలైంది. 1894లో బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారపేట, నుంచి మారికుప్పానికి రైలు దారి పడింది. 1902లో శివసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగ లాగి మన గనులకు కరెంటు తెచ్చారు. చాంపియన్ రీఫ్ గని మూడు వేల మీటర్లు దాటి లోతుకు పోయింది. అంత లోతుకు మనిషిని దింపి మళ్లీ పైకి తేవాలంటే వైండింగ్ యంత్రం తాడు, డ్రమ్ము, బ్రేకు సరిగా ఉండాలి. డ్రమ్ము మీద బ్రేకు కొంచెం జారినా కేజ్‌లో ఉన్నవాళ్ల ప్రాణాల మాట. అందుకే మన ఊరి ఫిట్టర్లకు జారుడు అంటే చెవిలోనే తెలిసిపోతుంది.

చిత్తూరు, నార్త్ ఆర్కాట్ వైపు నుంచి వచ్చి లైన్ల ఇళ్లలో కాపురం పెట్టిన మన తాతలు ఈ యంత్రాల దగ్గరే పని నేర్చుకున్నారు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, బజార్లో కన్నడం, వర్క్‌షాపులో స్పానర్ పేర్లు మాత్రం ఇంగ్లీషు. పుస్తకంలో చూసి నేర్చుకున్నది తక్కువ, పెద్దవాడి పక్కన నిలబడి నేర్చుకున్నది ఎక్కువ.

ఇక ఆటోమేటిక్ గేరు సంగతి. ఇందులో నూనెతో శక్తిని అందించే పద్ధతి మొదట కారు కోసం పుట్టింది కాదు, ఓడ కోసం పుట్టింది. ఓడలో టర్బైన్ చాలా వేగంగా తిరుగుతుంది, నీళ్లలో తిరిగే ప్రొపెల్లర్ నిదానంగా తిరగాలి. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ద్రవంతో శక్తిని అందించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికి స్విచ్చి వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా? గాలికి బదులు నూనె పెట్టండి. ఇంజను ఒక చక్రాన్ని తిప్పితే నూనె పోయి రెండో చక్రాన్ని తోస్తుంది. వెనక్కి వచ్చే నూనెను సరైన దిక్కుకు మళ్లించడానికి మధ్యలో ఇంకో చక్రం పెడితే, బండి కదిలేటప్పుడు లాగే బలం పెరుగుతుంది. దాన్నే టార్క్ కన్వర్టర్ అంటారు.

కార్లలో దీన్ని జనం దాకా తెచ్చింది అమెరికాలోని జనరల్ మోటార్స్. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అనే బాక్సు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అదే బాక్సును చిన్న ట్యాంకుల్లో కూడా వాడారు. 1948లో బ్యూక్ డైనాఫ్లో వచ్చి టార్క్ కన్వర్టర్‌ను మామూలు కార్లలోకి తెచ్చింది.

మన దేశంలో దీనికి రైలు వైపు నుంచి ఒక గొప్ప కథ ఉంది, రైల్వే మనిషిగా అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఎం.ఎం. సూరి అనే మన రైల్వే ఇంజనీరు డీజిల్ ఇంజన్ల కోసం సూరి ట్రాన్స్‌మిషన్ కనిపెట్టాడు. బండి కదిలేటప్పుడు నూనె కన్వర్టర్ పని చేస్తుంది. వేగం అందుకున్నాక నేరుగా యాంత్రిక పట్టు పడుతుంది, అప్పుడు నూనెలో శక్తి వృథా కాదు. ఆయనకు 1962లో భట్నాగర్ బహుమతి ఇచ్చారు. చిత్తరంజన్‌లో చేసిన డబ్ల్యూడీఎస్-4 షంటింగ్ ఇంజన్లలో ఈ ట్రాన్స్‌మిషన్ వాడారు. యార్డులో వ్యాగన్లు తోస్తూ ఆ చిన్న ఇంజను మూలుగుతుంటే, నేను లోపల రిజిస్టరు రాసుకుంటూ, దాని కడుపులో ఒక భారతీయుడి బుర్ర ఉందని తెలియకుండానే ఏళ్లు గడిపాను.

మరి మన ఊరికి? 1964లో రక్షణ శాఖ కింద బీఈఎంఎల్ పుట్టింది. ఆ తర్వాత కొన్నేళ్లకే కేజీఎఫ్‌లో దాని ఫ్యాక్టరీ లేచింది. జపాన్ కొమాట్సు సహకారంతో ఇక్కడ బుల్‌డోజర్లు తయారయ్యాయి. పెద్ద బుల్‌డోజర్లలో టార్క్ కన్వర్టర్, దాని వెనక నూనె ఒత్తిడితో పట్టే క్లచ్చి ప్లేట్ల గేరుబాక్సు ఉంటాయి. కొలత పెద్దది గానీ లెక్క అదే. కారు ఆటోమేటిక్‌లో క్లచ్చి లేదంటారు గానీ, లోపల రెండు మూడు క్లచ్చి కట్టలు ఉంటాయి. మన కాలికి బదులు నూనె ఒత్తిడి వాటిని తొక్కుతుంది, అంతే. బుల్‌డోజర్ బాక్సు విప్పిన చేతికి కారు బాక్సు బొమ్మలాంటిది. ఫిట్టర్ మామ ధైర్యం అక్కడిది.

ఇక పని ఎట్లా జరిగిందో చెప్తాను. మామ మొదటి షరతు, జాకీని నమ్మి బండి కింద దూరకూడదు. గనిలో దన్ను లేని కప్పు కింద తల పెట్టరు, ఇదీ అంతే. మందమైన కట్టె దిమ్మెలు పేర్చి, బండి కదలదని తోసి చూశాకే చైన్ బ్లాకుతో బాక్సు దింపాము. వరండాలో వార్తాపత్రికలు పరిచి, విప్పిన ప్రతి భాగం వరసగా పెట్టి పక్కన నంబరు వేశాము. రాసే పని నాది. ముప్పై ఏళ్ల క్లర్కు ఉద్యోగం ఆరోజు అక్కరకొచ్చింది.

మూడో గేరు క్లచ్చి ప్లేట్ల మీద ఉండాల్సిన పొర అరిగి నల్లగా మాడింది. మధ్యలో ఉండే ఉక్కు ప్లేట్ల మీద వేడికి నీలం మచ్చలు పడ్డాయి. ప్లేట్లు మారిస్తే అయిపోయిందనుకున్నాను. మామ నవ్వి, పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలును వంచి చూపించాడు. ఎండిన చింతతొక్కు మాదిరి విరిగింది. "ప్లేటు చచ్చింది దీనివల్లప్పా. సీలు గట్టిపడి నూనె కారింది, ఒత్తిడి తగ్గింది, ప్లేటు జారింది, జారి కాలింది. సీలు మార్చకుండా ప్లేటు మారిస్తే ఆరు నెలల్లో మళ్లీ ఇదే" అన్నాడు.

కొత్త ప్లేట్లను ముందు నూనెలో నానబెట్టాము. కట్ట బిగించాక సందు ఎంతుందో ఫీలర్ గేజితో కొలిచాము. నూనె పోయే రంధ్రంలోకి కొంచెం గాలి ఒత్తిడి ఇస్తే పిస్టన్ 'ధబ్' మని పట్టింది. ఆ చప్పుడు వినగానే మామ ముఖంలో వెలుగు చూడాలి! టార్క్ కన్వర్టర్ మాత్రం వెల్డింగ్ చేసి మూసిన డబ్బా, ఇంట్లో విప్పేది కాదు. దాన్ని బెంగళూరులో మార్పించాము. తిరిగి ఎక్కించేటప్పుడు అది పంపులోకి పూర్తిగా కూర్చోవాలి, లేకపోతే బిగించగానే పంపు పగులుతుంది. చివరగా రేడియేటర్ ముందు ఒక అదనపు ఆయిల్ కూలర్ బిగించాము. ఆటోమేటిక్ బాక్సుకు పెద్ద శత్రువు వేడి. పాతదాన్ని బాగుచేయడం రిపేరు, మళ్లీ పోకుండా చూడడమే మెరుగు అని మామ మాట.

పదకొండు ఆదివారాలు పట్టింది. పన్నెండో ఆదివారం అన్న స్టీరింగ్ పట్టుకుని రాబర్ట్‌సన్‌పేట దాకా పోయి వచ్చాడు. దిగి ఏమీ అనలేదు. మామ రెండు చేతులూ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, గనులు 2001లో మూతపడ్డాయి. షాఫ్టులు నీళ్లతో నిండాయి. మన పిల్లలు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగొస్తున్నారు. అది తప్పు కాదు, కడుపు కోసం. కానీ ఈ చేతుల్లో ఉన్న విద్య ఎవరికి పోతుంది? ఈ మధ్య మామ చేతికి వణుకు మొదలైంది. ఫీలర్ గేజి ఇప్పుడు నేను పట్టుకుంటే ఆయన పక్కన కూర్చుని చెప్తున్నాడు.

అందుకే సంఘానికి నా మనవి. నెలకొక ఆదివారం మన హాల్లో పెద్దవాళ్లను కూర్చోబెడదాం. ఫిట్టరు, టర్నరు, వైండింగ్ డ్రైవరు, ఎవరైనా సరే. వాళ్లు చెప్పాలి, పిల్లలు చేసి చూడాలి, నేను రిజిస్టరులో రాస్తాను. గూడ్స్ ఆఫీసులో మాకొక మాట ఉండేది, పుస్తకంలోకి ఎక్కని సరుకు పోయినట్టే లెక్క. మామ చెప్పిన సీళ్ల సంగతి మొదటి పేజీలో రాసి పెట్టాను. రెండో పేజీ మీలో ఎవరిదో కింద పేరు రాయండి.